మీకు తెలుసా? అన్ని రూటర్లకూ ఒకటే అంకెల చెట్టు

‘నువ్వు ఎంతసేపటి నుంచి నడుస్తున్నావు?’ అని ఒక రూటర్‌ను అడగాలంటే నెట్‌వర్క్ ఇంజనీరు వాడే చిరునామా 1.3.6.1.2.1.1.3.0. కంపెనీ ఏదైనా కానివ్వండి, నెట్‌వర్క్ పరికరాల బాగోగులు అడిగి తెలుసుకునే ప్రోటోకాల్ ఎస్‌ఎన్‌ఎంపీ తెలిసిన స్విచ్, ప్రింటర్, యూపీఎస్ ఏదైనా ఇదే చిరునామాలో జవాబిస్తుంది.

ఈ చిరునామాను ఓఐడీ అంటారు. ఏ అంకె వెనక ఏ సమాచారం ఉందో చెప్పే పట్టిక మిబ్. అంకెలు చెట్టు కొమ్మల్లా చీలుతూ పోతాయి. మొదటి 1 అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓది, 3 ఆ సంస్థ గుర్తించిన సంస్థలది, 6 అమెరికా రక్షణ శాఖది. ఇంటర్నెట్‌కు బీజం పడింది ఆ శాఖ సొమ్ముతోనే కాబట్టి ఇంటర్నెట్ కొమ్మ కూడా దాని కిందే మొలిచింది. మన ఆఫీసు ప్రింటర్‌లో టోనర్ ఎంత మిగిలిందో చూడాలన్నా ఆ 6 దాటే వెళ్లాలి!

కంపెనీల సొంత వివరాలకు 1.3.6.1.4.1 కింద చోటుంది. అక్కడ ఐబీఎంది 2, సిస్కోది 9, మైక్రోసాఫ్ట్‌ది 311. దరఖాస్తు పెడితే ఇంటర్నెట్ నంబర్లను కేటాయించే సంస్థ ఐయానా ఎవరికైనా ఉచితంగా ఒక నంబరు ఇస్తుంది.

అసలు చిక్కు లెక్కల్లో ఉంది. నేటికీ వాడుకలో ఉన్న మిబ్-2 పట్టిక 1991 నాటిది, అందులోని లెక్కింపు 32 బిట్లది. నడిచిన సమయాన్ని సెకనులో నూరో వంతు చొప్పున లెక్కిస్తుంది కాబట్టి సుమారు 497 రోజులకు అంకె నిండిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. చూసేవాళ్లేమో రూటర్ రీస్టార్ట్ అయిందనుకుంటారు. ట్రాఫిక్ లెక్క ఇంకా ఘోరం. 1 గిగాబిట్ లింకు నిండుగా నడిస్తే బైట్ల కౌంటర్ 34 సెకన్లకే తిరిగి సున్నాకొస్తుంది. ఐదు నిమిషాలకోసారి చూసే సాఫ్ట్‌వేర్‌కు ఈలోగా అది ఎన్నిసార్లు తిరిగిందో తెలిసే దారే లేదు, గ్రాఫు తప్పుతుంది. అందుకే తర్వాత 64 బిట్ల కౌంటర్లు చేర్చారు. వేగమైన లింకులున్నచోట వాటినే చదవాలి.

ఇంకొక్క మాట. ఎస్‌ఎన్‌ఎంపీ పాత వెర్షన్లలో రహస్యపదం ఏ ముసుగూ లేకుండా తీగ మీద ప్రయాణిస్తుంది. చాలా పరికరాల్లో అది మొదటి నుంచీ ‘పబ్లిక్’ అనే ఉంటుంది. మీ ఆఫీసులో ఇంకా అలాగే ఉంటే ఇవాళే మార్పించండి, వీలైతే సందేశాలను గుప్తీకరించగల మూడో వెర్షన్‌కు మారండి.