ముల్లు మాట నమ్మొచ్చా?

దోర్నాపాల్ నుంచి జగర్‌గుండకు సుమారు 56 కిలోమీటర్లు. ఆ దారిలోనే చింతలనార్. 2010 ఏప్రిల్ 6న ఈ ఊరి సమీపంలోనే 76 మంది భద్రతా సిబ్బంది మావోయిస్టుల దాడిలో మరణించారు. ఇలాంటి చోట పాత జీపు డీజిల్ ముల్లు అబద్ధం చెబితే, అడవి మధ్య దిగి నడవాల్సిందే.

డీజిల్, టెంపరేచర్ ముళ్లు రెండూ ఒకేసారి తప్పు చూపితే మీటర్లను తిట్టుకోనక్కర్లేదు. చాలా పాత బళ్లలో ఆ రెండింటికీ కరెంటును 10 వోల్టులకు తగ్గించే స్టెబిలైజర్ ఒకటే ఉంటుంది. ముందు దాన్ని, దాని ఎర్త్‌నూ చూడాలి. రెండు ముళ్లూ మితిమీరి పైకి లేస్తున్నాయంటే తరచూ ఆ ఎర్త్ వదులైందనే అర్థం.

ఒక్క డీజిల్ ముల్లే మొరాయిస్తోందా? తాళం కట్టేసి, ట్యాంకు మీది సెండర్ వైరు ఊడదీసి, బాడీకి గట్టిగా తగిలించి, అప్పుడు తాళం తిప్పాలి. (తాళం వేసి ఉండగా తాకించి నిప్పురవ్వలు పుట్టించడం, అదీ పెట్రోలు బండిలో, ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.) ఈ రకం మీటర్లలో ముల్లు 'ఫుల్' వైపు లేస్తే మీటరూ వైరూ బాగున్నట్టే. లోపం ట్యాంకులోని ఫ్లోటుదో, తుప్పు పట్టిన ట్యాంకు ఎర్త్‌దో. లేవకపోతే వైరు తెగిందేమో వెతకాలి. ముల్లు లేవగానే తాళం కట్టేయాలి, ఎక్కువసేపు ఉంచితే మీటరు కాలుతుంది. అప్పటిదాకా బయల్దేరేముందు ట్యాంకులో శుభ్రమైన కర్ర ముంచి చూసుకోవడమే దారి.