పొగగొట్టం పొయ్యి కట్టుకుంటున్నారా? గొట్టం కప్పు దాటేచోటు జాగ్రత్త

గ్యాస్ వచ్చినా పల్లెల్లో కట్టెల పొయ్యి పోలేదు. స్నానానికి నీళ్ళు కాచాలన్నా, పశువులకు దాణా ఉడకబెట్టాలన్నా, కూలీలకు ఎక్కువ మొత్తంలో వండాలన్నా కట్టెలే చవక. కంది కట్టె, పత్తి కట్టె, మిరప కట్టె చేలోనే దొరుకుతాయి. పాడేరు, అరకు వైపు కొండ ఊళ్ళలో చలికాలం రాత్రంతా ఇంట్లో నిప్పు ఉంచుకుంటారు. పొగ బాధ తగ్గించుకోవడానికి గొట్టం పెట్టుకోవడం మంచి పనే. అయితే గొట్టం పొగతోపాటు వేడినీ నిప్పురవ్వలనూ ఇంటి కప్పు దాకా తీసుకుపోతుంది. అందుకే పొయ్యి కట్టే తీరు కంటే, గొట్టం కప్పు దాటే తీరు ముఖ్యం.

"ఇన్నాళ్ళూ ఏం కాలేదు కదా" అనుకోవద్దు

వేడి గొట్టం పక్కనే ఉన్న వాసం మొదటి రోజే అంటుకోదు. రోజూ వేడి తగిలి తగిలి కర్ర ఎండిపోతుంది, నల్లబడి బొగ్గులా మారుతుంది. అలా మారిన కర్ర మామూలు కర్ర కంటే తక్కువ వేడికే రాజుకుంటుంది. రెండేళ్ళు ఏమీ కాని ఇల్లు మూడో ఏట అంటుకోవడానికి ఇదే కారణం. ధర కోసం పత్తిని గదుల్లో నింపుకున్న రోజుల్లో ఇలా జరిగితే ఇంటితోపాటు ఏడాది కష్టమూ పోతుంది.

చోటు ఎంపిక

- పొయ్యిని ఇటుక లేదా మట్టి గోడకు ఆనించి కట్టండి. తడికె గోడ, చెక్క గోడ పక్కన వద్దు.
- తాపీమేస్త్రీని పిలిచే ముందే పైకి చూడండి. గొట్టం రెండు వాసాల నడుమ, దూలానికి దూరంగా పోయేలా చోటు గుర్తు పెట్టండి.
- పత్తి, గోనెసంచులు, డీజిల్ డబ్బా, పురుగుమందులు, గ్యాస్ సిలిండర్ ఆ గదిలో ఉండకూడదు.
- పొయ్యి నోటి ముందు కనీసం ఒకటిన్నర అడుగుల మేర నేల మీద కట్టెలు, చీపురు, చాప ఉంచవద్దు.
- గడ్డివాము ఉన్న వైపు గొట్టం తీయవద్దు.

గొట్టం ఎలా ఉండాలి

ఇంటి పొయ్యికి 4 అంగుళాల వ్యాసం గల గొట్టం సాధారణంగా సరిపోతుంది. పొయ్యిని ఆనుకుని ఉండే మొదటి భాగాన్ని ఇటుకతో గానీ కాల్చిన మట్టి గొట్టంతో గానీ కట్టి, దానిపైన ఇనుప రేకు గొట్టం అమర్చుకోవచ్చు. పీవీసీ పైపు వాడవద్దు. అది మెత్తబడి కరిగిపోతుంది, విషవాయువులు వదులుతుంది. పాత ఆస్‌బెస్టాస్ సిమెంటు గొట్టాన్ని కోయడం, పగలగొట్టడం చేయవద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.

గొట్టం నిటారుగా ఉంటే పొగ బాగా లాగుతుంది. వంపు తప్పనిసరైతే ఒక్కటితో సరిపెట్టండి. అతుకుల దగ్గర పై గొట్టం కొస కింది గొట్టం లోపలికి దిగాలి. అప్పుడు తారులాంటి జిగురు బయటికి కారకుండా లోపలే దిగుతుంది. అడుగున మసి తీసుకోవడానికి ఒక కంత పెట్టించి, దానికి మూత ఉంచండి.

కప్పు దాటేచోటు

ఒంటి రేకు గొట్టానికీ ఏ కర్రకైనా మధ్య 18 అంగుళాల ఖాళీ ఉండాలి. వాసం దగ్గరగా ఉంటే గొట్టాన్ని పక్కకు జరపండి. గోనెపట్టా చుట్టి తడిపితే చాలనుకోవద్దు, అది ఎండిపోయి అదే అంటుకుంటుంది.

- పెంకుటిల్లు: గొట్టం చుట్టూ పెంకులు తీసి వెడల్పాటి ఇనుప రేకు బిగించండి. వాన కారకుండా అంచులు పెంకుల కిందికి పోనివ్వండి.
- రేకుల ఇల్లు: రేకు కాలదు గానీ దాని కింది కర్రలు కాలతాయి. ఆ దూరమే చూడాలి.
- స్లాబు ఇల్లు: స్లాబుకు కంత కొడితే ఇనుప చువ్వలు తెగవచ్చు. గోడలోంచి బయటికి తీసి పైకి నిలబెట్టడం మేలు.
- తాటాకు, గడ్డి ఇల్లు: కప్పులోంచి గొట్టం తీయవద్దు. విడిగా రేకుల వంటపాక వేసుకోవడమే అన్నిటికంటే మంచిది. అది వీలుకాకపోతే గోడలోంచి బయటికి తీసి, చూరుకు దూరంగా, కొప్పు కంటే కనీసం 6 అడుగులు ఎత్తు నిలబెట్టండి.

మిగతా ఇళ్ళకు గొట్టం కప్పు దాటిన చోటు నుంచి 3 అడుగులైనా పైకి ఉండాలి. చుట్టూ 10 అడుగుల లోపల ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుగా ఉండాలి. పైన రేకు టోపీ పెట్టి, గొట్టానికీ టోపీకీ మధ్య 4 అంగుళాల సందు వదలండి. గాలికి ఊగకుండా తీగలతో మూడు వైపులా కట్టండి.

గాలి రావాలి

గదికి గాలి రాకపోతే గొట్టం ఉన్నా పొగ పైకి పోదు. కిటికీ గానీ గోడలో కంత గానీ ఎప్పుడూ తెరిచి ఉంచండి. చలికి తలుపులన్నీ మూసి, బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం ప్రాణాంతకం. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, మత్తు వస్తే వెంటనే అందరినీ ఆరుబయటికి తీసుకురండి, 108కి ఫోన్ చేయండి.

మొదటి మంట

మట్టి పొయ్యిని నీడన వారం పది రోజులు ఆరనివ్వండి. తర్వాత రెండు మూడు రోజులు చిన్న మంటే వేయండి. పొయ్యి నోటి దగ్గర అగరుబత్తి పట్టుకుంటే దాని పొగ లోపలికి లాగాలి. బయటికి తంతే గొట్టంలో అడ్డు ఉందేమో, ఎత్తు చాలలేదేమో చూడండి. పూర్తి మంట గంటసేపు మండాక, దగ్గరలోని వాసం మీద చేయి ఆనించండి. పది లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే ఖాళీ చాలదు. మంట ఆర్పి, ఆ పని సరిచేశాకే మళ్ళీ వెలిగించండి.

వాడకంలో

కట్టెలను చీల్చి, వాన తగలని చోట ఆరునెలలు ఎండనిస్తే మేలు. పచ్చి కట్టె పొగ గొట్టంలో జిగురు మసిగా పేరుకుంటుంది, ఆ మసే ఒకనాడు లోపల అంటుకుంటుంది. ప్లాస్టిక్, పురుగుమందు డబ్బాలు, రంగు వేసిన చెక్క కాల్చవద్దు.

1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పట్లో కట్టిన పొయ్యిలు చాలాచోట్ల మూలనపడడానికి గొట్టాలు మసితో మూసుకుపోవడం ఒక కారణం. రోజూ వాడే పొయ్యికి నెలకోసారి, పొయ్యి పూర్తిగా చల్లారాక, ముక్కుకు గుడ్డ కట్టుకుని మసి దులపండి. పొడవాటి వెదురు బొంగుకు కొబ్బరి పీచు గట్టిగా కడితే సరిపోతుంది.

బూడిదలో నిప్పు ఒక రోజు దాటినా బతికే ఉంటుంది. ఇనుప తట్టలోకి తీసి, నీళ్ళు చల్లి కలిపిన తర్వాతే పెంటకుప్పలో వేయండి. వాము దగ్గర పోయవద్దు.

గొట్టంలో మంట లేస్తే

గొట్టం హోరుమని మోగుతూ ఎర్రబడితే పొయ్యి నోటిని రేకుతో మూసేయండి. కాగిన గొట్టం మీద నీళ్ళు పోయవద్దు, పగిలి మంట బయటికి వస్తుంది. పిల్లలను, ముసలివాళ్ళను బయటికి పంపి, పశువులను విప్పి, 101కి ఫోన్ చేయండి. ఎవరికైనా కాలితే 20 నిమిషాలు చల్లటి నీళ్ళ ధార కింద ఉంచండి. సిరా, టూత్‌పేస్టు పూయవద్దు.

ఇప్పటికే పొయ్యి ఉన్నవారు ఈ వారంలోనే ఒకసారి నిచ్చెన వేసుకుని, గొట్టం పక్కన వాసాలు చూడండి. ఎక్కడైనా కర్ర నల్లబడి కనిపిస్తే, పత్తి ఇంటికి చేరకముందే గొట్టాన్ని జరిపించండి.