గవ్వలాటయు చిన్న కంప్యూటరును

పిల్లలు కంప్యూటరు నెదుట గడపు కాలము వ్యర్థమని తల్లులు పలువురు తలంచుచుందురు. కాని ఆట నాడుట వేఱు; ఆటను నిర్మించుట వేఱు.

గేమ్ జామ్ అను కూటములలో యువజనులు గుమిగూడి, సామాన్యముగా 48 గంటలలో నొక క్రొత్త యాటను తయారుచేయుదురు. 2009లో నారంభమైన గ్లోబల్ గేమ్ జామ్ పెక్కు దేశములకు వ్యాపించినది. ఇందులకు మిక్కిలి వెలగల యంత్రములే కావలెనని లేదు. 2012లో ఇంగ్లండున వెలువడిన రాస్ప్‌బెరీ పై అరచేతిలో నిముడు నొంటిపలక కంప్యూటరు. నాటి వెల 35 డాలర్లు. ఇంటి టెలివిజనుకు తగిల్చి, కీబోర్డు చేర్చినచో పని జరుగును.

అట్టి చిన్న యంత్రమునకును, స్వల్ప వ్యవధికిని మన అష్టాచెమ్మా చక్కగా తగును. గడులు 25, గవ్వలు 4. అన్నియు వెల్లకిల పడిన చెమ్మా, అనగా 4. అన్నియు బోర్లపడిన అష్టా, అనగా 8. ఇచ్చట నొక మెలకువ కలదు. 1, 2, 3, 4, 8లలో నేదో యొకటి తీయుమని యంత్రమున కాజ్ఞాపించినచో, అష్టాయు రెండువలెనే తఱచుగా పడి యాట చెడును. ఒక్కొక్క గవ్వను వేఱుగా వేయింపవలెను. వెల్లకిలయు బోర్లయు సమానముగా పడునని యెంచినచో, 16 విధములలో రెండు పడునవి 6. అష్టా పడునది 1 మాత్రమే. అష్టా యరుదని యెఱిగిన అమ్మమ్మ యీ లోపమును చూచినంతనే పట్టగలదు.

ఉక్కు కర్మాగారమునకు చేరువనున్న గాజువాకలో యంత్రముల నెఱిగిన కుటుంబములకు కొదువలేదు. అట్టి యిండ్లలోనైనను, ఇట్టి కూటమునకు కుమారుని పంపి కుమార్తెను వంటయింటికి పిలుచుట న్యాయమా? సోదరీమణులారా! ఆ రెండు దినములు బాలికకు తీరిక నిండు. పెద్దలలో నొకరు తోడు వెళ్లినను సరియే. మేము కోరునది యింతియే.