వాకింగ్ స్కూల్ బస్: ఇంజిన్ లేని ఈ బస్సు ఎలా నడుస్తుంది?

ఈ రోజు ఒక వింత బస్సు గురించి మాట్లాడుకుందాం. దీనికి ఇంజిన్ లేదు, చక్రాలు లేవు. కానీ రూటు ఉంది, స్టాపులు ఉన్నాయి, టైమింగ్స్ కూడా ఉన్నాయి. దీని పేరు వాకింగ్ స్కూల్ బస్.

1990ల మొదట్లో ఆస్ట్రేలియాకి చెందిన డేవిడ్ ఎంగ్విక్ట్ ఈ ఆలోచనకి ప్రచారం తెచ్చారు. తర్వాత బ్రిటన్, న్యూజిలాండ్, ఇటలీ దాకా వెళ్లింది. ఇటలీలో దీన్ని ‘పియెడిబుస్’ అంటారు, అంటే కాళ్ల బస్సు అన్నమాట.

పద్ధతి సింపుల్. ఒక పెద్దవాళ్లు ముందు, ఇంకొకరు వెనక. మధ్యలో పిల్లలు. ప్రతి స్టాపు దగ్గర ఇంకొంతమంది కలుస్తారు, అందరూ కలిసి బడికి నడుస్తారు.

మరి పెద్దవాళ్లు ఎందుకు? చిన్నపిల్లలకి ఎదురుగా వచ్చే బండి స్పీడు, దూరం సరిగ్గా అంచనా వేయడం రాదు. పైగా పొట్టిగా ఉంటారు. ఆగి ఉన్న ఆటో వెనక నుంచి రోడ్డు మీదకి వస్తే డ్రైవర్‌కి కనిపించరు.

ఎంతమందికి ఒకరుండాలి? అమెరికాలోని సీడీసీ సూచన ప్రకారం ఆరుగురు పిల్లలకి ఒకరు. 4 నుంచి 6 ఏళ్ల వాళ్లయితే ముగ్గురికే ఒకరు.

జపాన్‌లో బడి పిల్లలు గుంపుగా నడిచి వెళ్లడం ఎప్పటి నుంచో ఉంది. చాలాచోట్ల ఆరో తరగతి పిల్లలే లీడర్లు. చిన్నవాళ్లకి పసుపు టోపీలు. అయినా 2021 జూన్‌లో యచిమతాలో, బడి నుంచి ఇంటికి నడిచి వెళ్తున్న ఐదుగురు పిల్లలని ఒక లారీ గుద్దింది. ఇద్దరు చనిపోయారు. డ్రైవర్ తాగి ఉన్నాడు. ఆ రోడ్డుకి ఫుట్‌పాత్ లేదు. ఆ తర్వాత ప్రభుత్వం దేశమంతా బడి దారులని తనిఖీ చేయించింది.

అంటే వరుసలో నడిస్తే ఒక్కటే చాలదు. దారి కూడా చూసుకోవాలి. దగ్గరి దారి కన్నా బండ్లు తక్కువ తిరిగే దారి మేలు. ఫుట్‌పాత్ లేకపోతే కుడి పక్కన నడవాలి, అప్పుడు వచ్చే బండి ఎదురుగా కనిపిస్తుంది. రోడ్డు దాటేటప్పుడు అందరూ ఆగి, ఒక్కసారే దాటాలి. నడిపించేవాళ్ల ఫోన్ జేబులోనే ఉండాలి.

మన వీధిలో మొదలుపెట్టాలంటే నాలుగు ఇళ్లు చాలు. రోజుకొకరు వంతులేసుకోండి. అక్కలు, అన్నలు, మీరు కూడా ఒక రోజు తీసుకోవచ్చు.

ఇక బైక్ నడిపే ఫ్రెండ్స్‌కి ఒక మాట. పిల్లల వరుస కనిపిస్తే మధ్యలోంచి దూరిపోవద్దు, హారన్ కొట్టి కంగారు పెట్టొద్దు. చివరి పిల్ల దాటేదాకా ఆగండి. మీకు పోయేది అర నిమిషమే.