బాటప్రక్క విద్యుత్ కేంద్రములు: టోలిచౌకి అనుభవము నేర్పు పాఠములు

పూర్వము బాటసారుల కొరకు మన గ్రామములవారు చలిపందిరులు వేయించుచుండిరి, సత్రములు కట్టించుచుండిరి, బండియెడ్లకు నీటితొట్లు అమర్చుచుండిరి. మోటారు వాహనములు వచ్చిన పిదప పెట్రోలు బంకులు వెలసినవి. ఇప్పుడు పెట్రోలు, డీజిలు లేకయే కరెంటుతో నడచు కారులు, ఆటోలు, బస్సులు మన రోడ్లపై తిరుగుచున్నవి. వీనికి బాటలో కరెంటు నందించు చార్జింగు కేంద్రములు నగరములను దాటి, రహదారుల వెంట గ్రామముల పొలిమేరలకు వచ్చుచున్నవి.

రేపు ఒక సంస్థవారు మీ పంచాయతీ స్థలమును కోరుచు రావచ్చును. అప్పుడు వారిని ఏమి అడుగవలెను? ఒప్పందములో ఏమి వ్రాయించుకొనవలెను? ఈ విషయమున నగరవాసుల నిత్యానుభవము మనకు మంచి పాఠము. అందులకు హైదరాబాదులోని టోలిచౌకి ప్రాంతమును ఉదాహరణగా తీసికొందము.

కారునకు కరెంటు ఎక్కించు విధము

విద్యుత్ కారు అడుగుభాగమున పెద్ద బ్యాటరీ ఉండును. 2020 జనవరిలో అమ్మకమునకు వచ్చిన టాటా నెక్సాన్ విద్యుత్ కారు బ్యాటరీలో సుమారు 30 యూనిట్ల కరెంటు పట్టును. ఒక యూనిట్టుతో ఇట్టి కారు సుమారు 6, 7 కిలోమీటర్లు నడచును.

చార్జరులు ముఖ్యముగా రెండు రకములు. మొదటిది నిదానముగా ఎక్కించునది. ఇంటిలోని పెద్ద ప్లగ్గు వంటి ఈ చార్జరు శక్తి సుమారు 3.3 కిలోవాట్లు, అనగా బావిపై నుండు 5 అశ్వశక్తి మోటారు కంటె కొంచెము తక్కువ. దీనితో పైన చెప్పిన బ్యాటరీ నిండుటకు 9, 10 గంటలు పట్టును. రెండవది వేగముగా ఎక్కించునది. 30 కిలోవాట్ల చార్జరు ఒక గంటలో ఆ పని చాలవరకు ముగించును. కాని అది 5 అశ్వశక్తి మోటార్లు ఎనిమిది ఒక్కసారి నడచినంత కరెంటును లాగును.

వేగపు చార్జరుపై బ్యాటరీ నూటికి 80 వంతులు నిండువరకు త్వరగా ఎక్కి, తరువాత నిదానించును. బిందె నిండవచ్చినప్పుడు నీరు చిందకుండ ధారను సన్నము చేయునట్లు, బ్యాటరీ వేడెక్కి చెడకుండ యంత్రమే వేగమును తగ్గించును. కావున కేంద్రములో 80 వంతులు కాగానే కదలి, వేరొకరికి చోటిచ్చుట మర్యాద.

టోలిచౌకిలో నిత్యానుభవము

మెహదీపట్నము నుండి గచ్చిబౌలి వైపు పోవు పాత బొంబాయి రోడ్డుపై టోలిచౌకి యున్నది. దానికొక ప్రక్క గోలకొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు. మరొక ప్రక్క తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయమైన ఫిల్మ్‌నగర్, జూబిలీ హిల్స్. వీని నడుమ దూరము కొలదియే. ఐనను విద్యుత్ కారు గలవారి అనుభవము వేరు. జూబిలీ హిల్స్‌లో స్వంత ఆవరణ గల ఇండ్లు అనేకము. అట్టి ఇంటివారు రాత్రి కారును ప్లగ్గునకు తగిలించి నిద్రించినచో తెల్లవారునప్పటికి బ్యాటరీ నిండియుండును. టోలిచౌకిలో పలు అంతస్తుల భవనములు, అద్దె వాటాలు ఎక్కువ. నాలుగవ అంతస్తులో నున్నవాని మీటరు నుండి క్రిందనున్న కారు వరకు తీగ లాగుట తేలిక కాదు. యజమానియు, తక్కిన వాటాలవారును ఒప్పుకొనవలెను. అందుచేత అట్టివారును, టాక్సీ డ్రైవరులును బయటి కేంద్రములపై ఆధారపడవలసి వచ్చుచున్నది.

బయటి కేంద్రమునకు పోవువాడు ముందుగా సెల్‌ఫోనులో చూచుకొని బయలుదేరును. ఫోనులో పనిచేయుచున్నట్లు చూపిన చార్జరు, చేరి చూడగా ఆగిపోయి యుండవచ్చును. చార్జరు బాగుగానే యున్నను, దాని యెదుట పెట్రోలు కారు నొకదానిని నిలిపి దాని యజమాని బజారునకు పోయి యుండవచ్చును. ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క ఫోను పద్ధతి. ముందుగా సొమ్ము జమ కట్టినగాని కొన్ని చార్జరులు కదలవు. ఫోనునకు సిగ్నలు అందనిచో చార్జరు ప్రక్కనే నిలిచియు కరెంటు పొందలేరు. టాక్సీ డ్రైవరునకు ఈ విధముగా పోయిన గంట ఆ దినపు సంపాదనలో లోటు.

ధర విషయమునను తికమక కలదు. యూనిట్టు ధర 20 రూపాయలని వ్రాసినచోట, దానిపై నూటికి 18 చొప్పున వస్తు సేవల పన్ను చేరి 23 రూపాయల 60 పైసలగును. పన్ను కలిపిన ధర బోర్డుపై లేనిచో వినియోగదారు తాను మోసపోయినట్లు తలచును.

దిశ కూడ ముఖ్యమే. 2022 జనవరి 1న ప్రారంభమైన షేక్‌పేట పై వంతెన పొడవు సుమారు 2.8 కిలోమీటర్లు. దానిపై కెక్కిన కారు క్రిందనున్న కేంద్రమును చేరవలెనన్నచో వంతెన దిగి, మరలి రావలెను. నడుమ గోడ గల జాతీయ రహదారిపైనను ఇదే చిక్కు: ఒక ప్రక్కనున్న కేంద్రము ఎదుటి ప్రక్క పోవువానికి అందదు.

మరియొక పాఠము వానది. 2020 అక్టోబరు వరదలలో టోలిచౌకిలోని నదీం కాలనీ నీట మునిగినది. అట్టి పల్లపు చోట చార్జరును నిలిపినచో యంత్రము పాడగుటయే కాదు, ప్రాణాపాయము కూడ కలుగవచ్చును.

ఈ యిబ్బందులలో పెక్కింటికి మూలము కరెంటు కొరత కాదు. యంత్రమును నిలిపినవారు దానిని కనిపెట్టి యుండు మనిషిని నిలుపకపోవుట. మంచి ఆచారములును నగరములో ఏర్పడుచున్నవి. కారును చార్జరుకు తగిలించి పోవువారు తమ ఫోను నంబరును అద్దము వెనుక ఉంచుచున్నారు. అవసరమున్నవాడు పిలిచినచో వచ్చి కారును తీయుదురు.

ప్రభుత్వ విధానము

చార్జింగు కేంద్రము నడుపుట కరెంటు అమ్మకము కాదు, సేవ మాత్రమే యని, కావున 2003 విద్యుత్ చట్టము క్రింద లైసెన్సు అక్కరలేదని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిలులో స్పష్టము చేసినది. 2024 సెప్టెంబరులో వెలువడిన మార్గదర్శక సూత్రముల ప్రకారము రహదారులపై ప్రతి 20 కిలోమీటర్లకు, ఇరుప్రక్కల కేంద్రములుండవలెను. 2024 అక్టోబరు 1న ప్రారంభమైన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకమునకు కేటాయించిన 10,900 కోట్ల రూపాయలలో 2,000 కోట్లు చార్జింగు కేంద్రములకు ఉద్దేశింపబడినవి. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనములకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము మినహాయించినది.

పంచాయతీలకు ముఖ్యమైన విషయమొకటి కలదు. ప్రభుత్వ స్థలములో కేంద్రము పెట్టినచో, స్థలము గలవారికి యూనిట్టుకు ఒక రూపాయి చొప్పున వాటా ఇచ్చు పద్ధతి, పది సంవత్సరముల ఒప్పందము 2022 జనవరి మార్గదర్శక సూత్రములలో చెప్పబడినవి. దినమునకు 100 యూనిట్లు ఖర్చగు కేంద్రము నుండి ఈ లెక్కన సంవత్సరమునకు 36,500 రూపాయలు వచ్చును. ఆ కేంద్రమే ఆరు మాసములు చెడి నిలిచినచో ఆదాయము సగము పోవును. స్థలము మాత్రము పది సంవత్సరములు చిక్కుకొని యుండును. కావున ప్రారంభోత్సవము కంటె మరునాటి నిర్వహణ పంచాయతీకి ముఖ్యము.

పంచాయతీ సభ్యులు గమనింపవలసినవి

1. ట్రాన్స్‌ఫార్మరు: ఊరిలోని 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు 30 కిలోవాట్ల చార్జరు నొక్కదానినే మోయజాలదు. దానిపై చార్జరును తగిలించినచో రైతుల మోటార్లు కాలిపోవును. ప్రత్యేక ట్రాన్స్‌ఫార్మరు, ప్రత్యేక మీటరు ఏర్పాటగునట్లు విద్యుత్ శాఖ ఇంజనీరుతో ముందుగా మాటలాడవలెను. వ్యవసాయపు కనెక్షను నుండి కారులకు కరెంటు ఇయ్యరాదు.

2. స్థలము: మిట్టగా, వాన నీరు నిలువనిదిగా, రోడ్డు నుండి తేలికగా వచ్చి పోవుటకు వీలైనదిగా నుండవలెను. సెల్‌ఫోను సిగ్నలు అందుచున్నదా యని అక్కడ నిలిచి చూడవలెను.

3. యంత్రపు రకము: మన దేశములో మొదట పెట్టిన 15 కిలోవాట్ల చార్జరుల ప్లగ్గు తరువాత వచ్చిన పెక్కు కారులకు సరిపోలేదు. నేడు కారులకు వాడుకలోనున్నవి నిదానపు చార్జింగునకు టైపు-2, వేగపు చార్జింగునకు సి.సి.ఎస్.-2. ఊరి ఆటోలకును, ద్విచక్ర వాహనములకును పనికివచ్చు ప్లగ్గులు కూడ అడుగవలెను.

4. రక్షణ: ఎర్తు సరిగా నుండవలెను, ఏటేట పరీక్షింపవలెను. పైకప్పు, రాత్రి దీపము, మంట లార్పు సాధనము తప్పక ఉండవలెను. తీగ తొడుగు చినిగినచో ఆ చార్జరును వెంటనే ఆపివేయవలెను.

5. నిర్వహణ: చార్జరు చెడినచో ఎన్ని గంటలలో బాగుచేయుదురో, చేయనిచో ఎంత అపరాధరుసుము కట్టుదురో, ఎన్ని దినములు పనిచేయనిచో ఒప్పందము రద్దగునో వ్రాయించుకొనవలెను. ఊరి యువకు నొకనికి ఈ పనిలో తరిఫీదు ఇప్పించినచో కేంద్రమునకు కాపలా, అతనికి జీవనోపాధి రెండును కలుగును.

6. ధరల బోర్డు: పన్నుతో కూడిన యూనిట్టు ధరను, ఫిర్యాదు చేయవలసిన ఫోను నంబరును తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాయించవలెను.

7. వేళలు: ఉదయము 9 గంటల నుండి సాయంత్రము 4 గంటల వరకు సూర్యశక్తి విరివిగా నుండును గాన, ఆ వేళ కేంద్రములకు ఇచ్చు కరెంటు ధర తక్కువగా నుండవలెనని 2024 సూత్రములు చెప్పుచున్నవి. ఆ లాభము వినియోగదారునకు చేరుచున్నదా యని విచారింపవలెను.

కారు బాగుపడు గంటసేపు ప్రయాణికుడు ఊరిలో ఆగును. ఆ గంటలో అతడు టీ త్రాగును. కూరగాయలో, పండ్లో కొనును. శుభ్రమైన మరుగుదొడ్డి, త్రాగునీరు, కూర్చుండుటకు నీడ చూపిన గ్రామమునకు మరల వచ్చును. స్వయంసహాయక సంఘముల మహిళలు అచ్చట చిన్న దుకాణము నడుపుకొనవచ్చును.

నీరు లేని చలిపందిరి బాటసారికి ఎట్లో, కరెంటు ఇయ్యని చార్జరు విద్యుత్ కారునకు అట్లే. తన సంతకముతో వెలసిన కేంద్రమును మాసమున కొకసారి స్వయముగా చూచి, అది పనిచేసిన దినములను, ఆగిన దినములను పంచాయతీ సమావేశములో చదివించుట ప్రతి సర్పంచి కర్తవ్యము. ఆ లెక్క సక్రమముగా సాగినచో ఊరికి ఆదాయము, బాటసారికి ధైర్యము రెండును చేకూరును.