ఒక్క పన్ను తప్పితే!

పిల్లలూ! హైదరాబాదు పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళితే, అక్కడ 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ కారును తప్పక చూడండి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించిన కారు అది. కాని అది రాకముందే, 1911లో, ఆయన చనిపోయాడు.

ఇలాంటి కారు ఇంజను విప్పి మళ్ళీ బిగించేటప్పుడు రెండు పళ్ళచక్రాలతో జాగ్రత్తగా ఉండాలి. చిన్నది క్రాంకుషాఫ్టుది, దాన్ని పిస్టన్లు తిప్పుతాయి. పెద్దది క్యాంషాఫ్టుది; వాల్వులను తెరిచేది అదే. పెద్దదానికి సరిగ్గా రెట్టింపు పళ్ళుంటాయి. ఎందుకో తెలుసా? పీల్చడం, నొక్కడం, మండడం, వదలడం అనే నాలుగు పనులూ ముగిసేసరికి క్రాంకుషాఫ్టు రెండుసార్లు తిరుగుతుంది. ఆలోపల ఒక్కొక్క వాల్వు ఒక్కసారే తెరుచుకోవాలి.

చక్రాలను ఎలా పెట్టినా పళ్ళలో పళ్ళు ఇమిడిపోతాయి. చిక్కంతా అక్కడే ఉంది! పెద్దచక్రానికి 40 పళ్ళున్నాయనుకోండి. ఒక్క పన్ను తప్పితే చాలు, వాల్వులు క్రాంకుషాఫ్టు లెక్కన 18 డిగ్రీలు ముందో వెనకో తెరుచుకుంటాయి. ఇంజను బలం తగ్గి మొరాయిస్తుంది. కొన్ని రకాల ఇంజన్లలోనయితే పిస్టను వాల్వుకు కొట్టుకుని రెండూ పాడవుతాయి.

అందుకే పని తెలిసిన మెకానిక్కు, విప్పకముందే పళ్ళమీద గుర్తులున్నాయేమో చూస్తాడు. లేకపోతే తానే పెడతాడు. బిగించాక ఇంజనును చేత్తో మెల్లగా రెండు చుట్లు తిప్పుతాడు. ఎక్కడా ఏదీ తగలకుండా గుర్తులు మళ్ళీ ఎదురెదురుగా వస్తేనే, ఇంజను స్టార్టు చేస్తాడు.