ఉక్కు తరుగును తగ్గించే లెక్క

దర్జీ పని చేస్తుండగా గమనించారా? గుడ్డ పరచి, సుద్దముక్కతో గీతలు గీసి, ముక్కలన్నీ ఇమిడేటట్లు చూసుకొన్న తరువాతే కత్తెర పెడతాడు. తొందరపడితే గుడ్డ చాలదు. ఓడలు కట్టేవారికీ ఇదే చిక్కు. అయితే వారి గుడ్డ ఉక్కు పలక!

12 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం గల పలకను తీసుకొందాం. దాని ఘనపరిమాణం 0.3 ఘనపు మీటర్లు. ఉక్కు సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 7,850 కిలోగ్రాములు. కనుక పలక బరువు 2,355 కిలోగ్రాములు. పదోవంతు తరుగు పోయినా 235 కిలోగ్రాములు తుక్కే! పెద్ద ఓడకు ఇటువంటి పలకలు వేలకొద్దీ కావాలి. తుక్కును కరిగించి తిరిగి ఉక్కు చేయవచ్చు. కాని అందుకు మళ్ళీ శక్తి ఖర్చవుతుంది.

తరుగు ఎలా తగ్గుతుంది? ఒక చిన్న లెక్క చూడండి. మన వద్ద 10 మీటర్ల కడ్డీలున్నాయి. 4 మీటర్ల ముక్కలు 6, 3 మీటర్ల ముక్కలు 12 కావాలి. ఒక్కొక్క రకాన్ని విడిగా కోస్తే మొదటి రకానికి 3, రెండవ రకానికి 4, మొత్తం 7 కడ్డీలు పడతాయి. 10 మీటర్లు తరుగు. అదే ప్రతి కడ్డీనీ 4, 3, 3 మీటర్లుగా కోస్తే 6 కడ్డీలే చాలు. తరుగు సున్న!

రెండు పద్ధతులలోనూ రంపం ఒకటే, కడ్డీలు ఒకటే. కావలసిన ముక్కల జాబితా అంతా ముందుగా ఎదుట ఉండడమే తేడా. ఆ సమాచారమే ఉక్కును మిగిల్చింది.

సోవియట్ గణితవేత్త లియొనిడ్ కంటోరొవిచ్ 1939లోనే ఇటువంటి సమస్యలకు గణిత పద్ధతి చూపాడు. వనరుల వినియోగంపై చేసిన కృషికి 1975లో ఆయనకు కూప్‌మన్స్‌తో కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

విశాఖపట్నంలో 'జలఉష' నీటిలోకి దిగిన 1948 నాటికి ఓడల కర్మాగారాలలో ముక్కల ఆకారాలను విశాలమైన నేలపై నిజపరిమాణంలో గీసేవారు. నేడు ఆ ఆకారాలన్నీ కంప్యూటరులో ఉంటాయి. అది వాటిని తిప్పి, బోర్లించి, పలకపై దగ్గరగా పేరుస్తుంది. మంట కోతలో కరిగిపోయే సన్నని పట్టీకి కూడా చోటు వదులుతుంది. వంకర ముక్కలను అమర్చే విధాలు లెక్కలేనన్ని కనుక, అన్నింటినీ పరీక్షించలేక మంచి అమరికను ఎన్నుకొంటుంది.

మిగులు ముక్కల పద్దు కూడా ముఖ్యమే. ముక్కపై సంఖ్య వేసి, కొలతలు, మందం, ఉక్కు రకం నమోదు చేస్తారు. గుర్తు చెరిగితే అది ఏ రకపు ఉక్కో తెలియదు; అటువంటి ముక్కను ఓడకు అతకరాదు. మంచి ఉక్కైనా తుక్కులో చేరవలసిందే!

ఇప్పుడు మీ వంతు. 12 మీటర్ల కడ్డీల నుండి 5, 4, 3 మీటర్ల ముక్కలు నాలుగేసి కావాలి. కనీసం ఎన్ని కడ్డీలు కావాలి? ముందు విడివిడిగా, తరువాత కలిపి లెక్కించి చూడండి.